పేరు చెప్పని ప్రేరణ

2025 జూన్‌లో మిలాన్ ఫ్యాషన్ వేదిక మీద ప్రాడా సంస్థ కొల్హాపురి చెప్పులు చూపించి, వాటిని ఉత్త తోలు చెప్పులని చెప్పుకొన్నప్పుడు దేశమంతా భగ్గుమంది. 2019లోనే భౌగోళిక గుర్తింపు పొందిన చెప్పు అది, కుట్టిన ఊరికి పేరు లేదా అని అందరమూ నిలదీశాం. ఆ సంస్థ దిగివచ్చి ప్రేరణ ఎక్కడిదో ఒప్పుకుంది. బాగానే ఉంది. మరి మన గ్యాలరీల గోడల మాటేమిటి?

ఎర్రటి నేపథ్యం, విప్పారిన పెద్ద కళ్లు, పసుపు మేని ఛాయలు, బారులు తీరిన మనుషులు, బారుకూ బారుకూ మధ్య పూల అంచు. చూడగానే చేర్యాల పటం బొమ్మ అని తెలంగాణలో ఎవరైనా చెబుతారు. పక్కన అంటించిన చీటీ మీద మాత్రం చిత్రకారుడి పేరు, ‘కాన్వాసు మీద యాక్రిలిక్’, ధర. పరిచయ పత్రం తిరగేస్తే ‘జానపద ప్రేరణ’ అని రెండు ముక్కలు. ఏ జానపదం? ఏ ఊరు? ఎవరి కుంచె?

సిద్దిపేట జిల్లా చేర్యాలలో ఈ పటాలు వేసే నకాషీ కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించిన జిగురు, సుద్ద, బంక కలిపి ఖద్దరు గుడ్డకు పూత మీద పూత వేస్తే తప్ప అక్కడ పటం మొదలు కాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు ఆ పటాన్ని కర్రలకు వేలాడదీసి, బారు తరువాత బారు కిందికి దించుతూ రాత్రంతా పాడేవారు. ఇంత వంశమూ వృత్తీ ఉన్న బొమ్మను ‘జానపదం’ అనే ఒక్క మాటలో మూటగట్టడమంటే, వీళ్లకు పేరు అక్కర్లేదని తీర్మానించడమే.

అరువు లేకుండా ఏ కళా పెరగదని వాదించేవారున్నారు. నిజమే, ఎరుపు రంగు ఎవరి సొత్తూ కాదు. మేమడుగుతున్నది అరువిచ్చినవాడి పేరు.

పేరు చెప్పినందుకు ఏ చిత్రకారుడూ చిన్నబోలేదు. 1887లో జపాను చిత్రకారుడు హిరోషిగే ప్లమ్ చెట్టు బొమ్మను చూసి వేసిన వాన్‌గో, రెండు వైపులా జపాను అక్షరాలను కూడా గీసి మరీ మూలాన్ని చాటుకున్నాడు. తన ఊరి నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లే తన బొమ్మలకు తొలి స్ఫూర్తి అని తోట వైకుంఠం ఎన్నోసార్లు చెప్పారు. ఆయన ధర ఏమైనా తగ్గిందా? 1982లో మొదలైన భోపాల్ కళాకేంద్రం భారత్ భవన్‌లో చిత్రకారుడు జె. స్వామినాథన్ ఆదివాసీ చిత్రాలను ఆధునికుల పక్కనే నిలబెట్టారు. పాటన్‌గఢ్ గోండు యువకుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ ఆ విధంగానే తన పేరుతో లోకానికి తెలిశాడు. దీనికి ఎదురు ఉదాహరణ పికాసో. 1907లో పారిస్ మ్యూజియంలో ఆఫ్రికా ముఖాకృతులను చూసి కదిలిపోయిన మనిషే, 1920లో ఒక పత్రిక అడిగితే, ఆ కళ ఏమిటో నాకు తెలియదన్నాడు. మనవాళ్లు అంతటి ప్రతిభ చూపకపోయినా, ఆ జవాబును మాత్రం కంఠతా పట్టారు.

చట్టం కూడా దాచినవాడికే చుట్టం. కాపీరైటు చిత్రకారుడి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. తరాల నాటి గీతకు అది వర్తించదు. భౌగోళిక గుర్తింపు కాపాడేది పేరును. నకిలీ సరుకు మీద ‘చేర్యాల’ అని రాస్తే తప్పు. అదే బొమ్మను అదే ఎరుపులో వేసి ఆ మాట రాయకుండా ఉంటే అడిగేవాడు లేడు. పేరు మింగేసినవాడే సురక్షితంగా ఉండేలా రాసుకున్న ఈ చట్టం మీద మన అకాడమీలు ఇన్నేళ్లలో నోరు విప్పిన పాపాన పోలేదు. అతిథుల చేతిలో చేర్యాల ముఖం బొమ్మ పెట్టి ఫొటో దిగే మంత్రులకూ ఇది పట్టదు.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. చీటీ మీద ఇంకొక్క వరుస చాలు: ఊరు, సంప్రదాయం, తెలిస్తే నేర్పినవారి పేరు. ఆ వరుస లేని చిత్రాన్ని ప్రజాధనంతో కొనబోమని మన ప్రభుత్వాలు రేపే ఉత్తర్వు ఇవ్వవచ్చు. అంత చిన్న వరుసకు కూడా చోటు లేదనే గ్యాలరీలకు ఒక మాట. ప్రాడాను తిడుతూ మీరు పెట్టిన పోస్టులు మీ ఫోన్లలో ఇంకా ఉండే ఉంటాయి. ప్రాడా అని ఉన్నచోట మీ పేరు పెట్టుకుని ఒకసారి పైకి చదవండి.