విలన్‌కీ ఒక బాధ ఉంటుంది సార్

బెంగళూరు మారతహళ్లిలో ఏ పీజీ హాస్టల్‌కైనా ఆదివారం మధ్యాహ్నం వెళ్లండి. బిర్యానీ పొట్లాలు ఖాళీ అయ్యాక, బనియన్ వేసుకున్న మేధావి ఒకడు వీడియో గేమ్ కంట్రోలర్ పక్కన పెట్టి, "బ్రో, నిజానికి విలన్ తప్పేం లేదు" అంటాడు. ఊరు ఊరంతా తగలబెట్టినవాడి గురించే ఈ మాట. చిన్నప్పుడు వాణ్ని వాళ్ల నాన్న కొట్టేవాడట. అందుకని వాడిది గ్రే షేడ్, అంటే పూర్తిగా మంచీ కాదు, పూర్తిగా చెడూ కాదట.

1985లో సూపర్ మారియో బ్రదర్స్ గేమ్ వచ్చినప్పుడు ఈ గొడవ లేదు. విలన్ బౌజర్ యువరాణిని ఎత్తుకుపోయాడు, వెళ్లి విడిపించాలి. బౌజర్ బాల్యం ఎలా గడిచిందని ఎవరూ అడగలేదు. ఇప్పుడు మంచీచెడూ తేటగా ఉంటే అది పిల్లల ఆట. ఎన్ని గంటలు ఆడినా ఎవడు మంచివాడో తేలకపోతే మాత్రం మహాకావ్యం.

ఈ లెక్కన బెంగళూరు ఇంటి ఓనర్ మీద కూడా ఒక గేమ్ రావాలి. పది నెలల అద్దె అడ్వాన్స్‌గా పుచ్చుకున్న మహానుభావుడు. మనం ఖాళీ చేసే రోజున పెయింటింగ్‌కని ఇంత, క్లీనింగ్‌కని ఇంత, గోడకు కొట్టిన మేకుకు ఇంకొంత కోస్తాడు. మనం నోరు తెరిచేలోపు ఫ్లాష్‌బ్యాక్ మొదలు. బెళ్లందూరు చెరువు నురగ, ఎండిన బోరు, నీళ్ల ట్యాంకర్ వెనక పరుగెత్తే పసివాడు, వెనక వయొలిన్. తర్వాత స్క్రీన్ మీద రెండే ఆప్షన్లు: 'ఓనర్‌ను క్షమించు', 'ఓనర్‌ను అర్థం చేసుకో'. 'నా డబ్బులు నాకివ్వు' అనే మూడోది కావాలంటే డీఎల్‌సీ, అంటే గేమ్‌కు విడిగా అమ్మే అదనపు భాగం, కొనుక్కోవాలి. దానికీ అడ్వాన్స్ ఉంటుంది.

నవ్వులాటకు అంటున్నాను గానీ, 2012లో వచ్చిన స్పెక్ ఆప్స్: ది లైన్ అనే యుద్ధం గేమ్ తలచుకుంటే ఒళ్లు మండుతుంది. ఇసుకలో కూరుకుపోయిన దుబాయ్‌లో మన చేత తెల్ల భాస్వరం, అంటే మనుషుల్ని కాల్చేసే ఆయుధం, వేయిస్తుంది. వేయకపోతే కథ ముందుకు కదలదు. వేశాక కాలిపోయిన మామూలు జనాన్ని చూపించి, లోడింగ్ స్క్రీన్ మీద నువ్వేం హీరోవి అని దెప్పుతుంది. వేరే బటన్ ఇవ్వనివాడికి అడిగే హక్కెక్కడిది? దీన్ని లోతు అంటున్నారు!

లోతు చూడాలంటే 2013 నాటి పేపర్స్, ప్లీజ్ ఆడండి. సరిహద్దు చెక్‌పోస్టులో గుమాస్తా ఉద్యోగం. భర్త కాగితాలు సరిగ్గా ఉంటాయి, వెనకే వచ్చిన భార్యవి ఉండవు. జాలిపడి పంపితే తప్పు రాస్తారు, తప్పులు పెరిగితే జీతంలో కోత. ఇంట్లో పిల్లాడికి జ్వరం. యుద్ధంలో చిక్కుకున్న మామూలు జనం బతుకు చూపించే 2014 నాటి దిస్ వార్ ఆఫ్ మైన్‌లో ముసలి దంపతుల ఇంట్లో మందులు దోచుకోవచ్చు, ఎవరూ ఆపరు. తిరిగొచ్చాక మన మనిషే దిగులుతో కుంగిపోతాడు. దోపిడీకి గురైనవాళ్ల ముఖం చూశాం కాబట్టే అక్కడ తేల్చుకోలేక నలిగిపోతాం.

మరి మీ గ్రే షేడ్‌లో ఆ ముఖం ఎక్కడ? తగలబెట్టినవాడికి పది నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ రాశారే, కాలిన ఇంట్లో ఉన్న ముసలమ్మ పేరేమిటయ్యా? ఆమెనూ చిన్నప్పుడు వాళ్ల నాన్న కొట్టే ఉంటాడు. ఆమె ఎవరి కొంపా తగలబెట్టలేదు, అందుకే కాబోలు ఆమె కథ మీకు బోరు కొట్టింది.