స్పెయిన్ ఎలా చితికిందో ఆ గడ్డిపరకే చెబుతుంది

స్పెయిన్ పతనం గురించి ఎవరు రాసినా వెండి దగ్గరే మొదలుపెడతారు. 1545లో దక్షిణ అమెరికాలోని స్పెయిన్ వలసలో పోటోసీ వెండి గని దొరికింది, వెండి ఓడల్లో వచ్చిపడింది, ధరలు పెరిగాయి, యుద్ధాల కోసం రాజులు అప్పులు చేశారు. రెండో ఫిలిప్ 1557, 1596 మధ్య నాలుగుసార్లు చెల్లింపులు ఆపేశాడు. ఇదంతా నిజమే. కానీ అంత డబ్బు చూసిన దేశంలో పనంటే ఎందుకు చిన్నచూపు మిగిలింది? దీనికి జవాబు కావాలంటే 1554లో పేరు చెప్పుకోని రచయిత రాసిన 'లాజరిల్లో దె తోర్మెస్' అనే నవల చదవాలి.

అందులో ఒక చిన్నపాటి కులీనుడు నడుముకు కత్తి కట్టుకుని టొలేడో వీధుల్లో దర్జాగా తిరుగుతాడు. ఇంట్లో కుర్చీ కూడా లేదు. పనికుర్రాడు అడుక్కొచ్చిన రొట్టె తిని బతుకుతుంటాడు. ఏమీ తినని రోజు కూడా గుమ్మంలో నిలబడి గడ్డిపరకతో పళ్లు కుట్టుకుంటాడు, తిన్నాడని నలుగురూ అనుకోవాలని! ఆకలైనా భరిస్తాడు కానీ ఏదైనా చేతిపని చేసుకుందామన్న ఊహే రాదు. చేస్తే పరువు పోతుంది. ఆ హోదాకు పన్ను మినహాయింపు కూడా ఉంది, కాబట్టి భారమంతా కష్టపడేవాడి నెత్తినే. ఏ ధరల పట్టికా ఈ సిగ్గును కొలవలేదు.

నవల సాక్ష్యం కాదని, నవ్వించడానికి పెంచి రాశారని కొందరంటారు. అలాంటివాళ్లు ఎంతమంది ఉండేవారో నవల చెప్పదు, ఒప్పుకుంటాను. కానీ అలాంటి మనిషిని వీధిలో చూసి ఉంటేనే కదా పాఠకుడికి నవ్వొచ్చేది! పైగా 1600లో గొంజాలెజ్ దె సెయోరిగో అనే న్యాయవాది కూడా ఇదే మొత్తుకున్నాడు. జనం సేద్యం, వ్యాపారం వదిలి వడ్డీ పత్రాల మీద బతుకుతున్నారని, దేశం మాయలో పడ్డవాళ్ల రాజ్యమైందని రాశాడు.

ఐదేళ్లకు 'డాన్ కిహోటే' నవల వచ్చింది. రాసిన సెర్వాంటెస్ పన్నులు వసూలు చేసినవాడు, ఆ లెక్కల గొడవలోనే 1597లో సెవిల్లెలో జైలుకెళ్లినవాడు. అతని కథానాయకుడు పొలం అమ్మి వీరగాథలు కొంటాడు.

నన్ను ఎక్కువగా కలచివేసేది మాత్రం ఆ నవల 1615 నాటి రెండో భాగంలోని రికోతే అనే పాత్ర. 1609, 1614 మధ్య దాదాపు 3 లక్షల మంది మోరిస్కోలను, అంటే ముస్లింల సంతతికి చెందిన క్రైస్తవులను, దేశం నుంచి తరిమేశారు. సేద్యం, చేతివృత్తులు బాగా తెలిసినవాళ్లు! పని చేసేవాణ్ని తరిమి, పని చేయనివాడికి గౌరవం ఇచ్చిన రాజ్యం అది. రికోతే కూడా అలా వెళ్లగొట్టిన మోరిస్కోయే. కథానాయకుడి సేవకుడు శాంచో ఊళ్లో కొట్టు నడిపిన అతను, పాతిపెట్టిన సొమ్ము కోసం యాత్రికుడి వేషంలో తిరిగొస్తాడు. సాయం చేస్తే 200 ఎస్కుదోలు, అంటే బంగారు నాణేలు, ఇస్తానని శాంచోతో అంటాడు. రాజద్రోహమవుతుందని శాంచో ఒప్పుకోడు, అలాగని పట్టివ్వడు కూడా. పాత ఇరుగుపొరుగు ఇద్దరూ దారి పక్కన కలిసి తిని, కౌగిలించుకుని, చెరో దారిన వెళ్లిపోతారు.