ఒక్క కథనం కోసం గ్రంథాలయానికే తాళమా?

‘ద వైర్‌’ వార్తా వెబ్‌సైట్‌ను 2025 మే 9, శుక్రవారం దేశమంతటా నిలిపివేశారు. ముందుగా నోటీసు అందలేదని, వివరణ కోరలేదని ఆ సంస్థ చెబుతోంది. రఫేల్‌ యుద్ధవిమానం గురించి సీఎన్‌ఎన్‌ను ఉటంకిస్తూ రాసిన ఒకే ఒక్క కథనం ఇందుకు కారణమని తర్వాత తేలింది. దాన్ని తొలగించాకే సైటు మళ్లీ తెరుచుకుంది. తెరుచుకుంది కదా, ఇక రాద్ధాంతం దేనికి అనేవారున్నారు. అసలు ప్రమాదం ఆ ధోరణిలోనే ఉంది.

పాకిస్థాన్‌తో యుద్ధ వాతావరణంలో పుకార్లను అదుపు చేయాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే, కాదనం. కానీ కరాచీ ఓడరేవు ధ్వంసమైపోయిందని అదే వారంలో రాత్రంతా ఊదరగొట్టిన టీవీ చానళ్లు తెల్లారాక యథావిధిగా నడిచాయి. లేని విజయాలను కల్పించి చెప్పినవారికి లేని శిక్ష, ఒక విదేశీ సంస్థ వార్తను ఉటంకించినవారికి ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పకుండా దేశభద్రత పేరు ఎత్తితే నమ్మేదెవరు?

ఇది మొదటిసారీ కాదు. వలస వెళ్లిన మనవారిని అమెరికా సంకెళ్లు వేసి తిప్పి పంపిన సందర్భంలో తమిళ పత్రికా సంస్థ ‘వికటన్‌’ ఒక కార్టూన్‌ వేసింది. 2025 ఫిబ్రవరిలో ఆ సంస్థ వెబ్‌సైట్‌ మొత్తాన్నీ మూసేశారు. 1926లో పుట్టిన పత్రిక అది. చివరకు మార్చి 6న మద్రాసు హైకోర్టు, కార్టూన్‌ ఉన్న పేజీని తాత్కాలికంగా తొలగించి సైటును పునరుద్ధరించాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. పేజీ తీయిస్తే సరిపోయేదని కోర్టు చూపించిన రెండు నెలలకే కేంద్రం మళ్లీ మొత్తం సైటు మీదే పడింది. ఇక ఇదే ఆనవాయితీ అవుతుంది.

సాంకేతికంగా మరో దారి లేదన్న వాదన వినిపిస్తోంది. ఇప్పటి ఎన్‌క్రిప్టెడ్‌ వెబ్‌సైట్లలో పాఠకుడు ఏ పేజీ చదువుతున్నదీ ఇంటర్నెట్‌ సంస్థకు కనిపించదు. ఆపితే సైటంతా ఆపాలి, లేదంటే దేన్నీ ఆపలేం. నిజమే. సరిగ్గా అందుకే ముందు ప్రచురణకర్తను అడగాలి. ఆ ఒక్క పేజీని తీయగలిగేది అతనొక్కడే. వెబ్‌సైట్ల నిలిపివేతపై 2009 నాటి నిబంధనలు కూడా నోటీసు ఇవ్వమనే చెబుతున్నాయి. 2015లో శ్రేయా సింఘాల్‌ కేసులో నిలిపివేసే అధికారం ప్రభుత్వానికిచ్చే ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు నిలబెట్టింది కూడా ఈ రక్షణలు ఉన్నాయన్న భరోసాతోనే. అత్యవసరమనే నెపంతో, నిలిపివేత ఉత్తర్వులను రహస్యంగా ఉంచమనే 16వ నిబంధన చాటున ఆ రక్షణలన్నీ గాలికి పోతున్నాయి.

సైటు మూసేస్తే పోయేది ఆనాటి వార్తలే కాదు. పదేళ్ల పాత కథనాలు, పత్రాలు, ఇంటర్వ్యూలు ఒక్కసారిగా అందకుండా పోతాయి. ఫోన్లలోకి చొరబడే ‘పెగాసస్‌’ సాఫ్ట్‌వేర్‌తో సాగిన నిఘా వివరాలను 2021లో మన దేశంలో వెల్లడించింది ‘ద వైర్‌’ సంస్థే. సుప్రీంకోర్టు సాంకేతిక కమిటీని వేసే వరకు వెళ్లిన వ్యవహారం అది. దాని మీద సిద్ధాంత వ్యాసం రాసుకునే హైదరాబాద్‌ విద్యార్థికి శుక్రవారం ఆ పేజీ తెరుచుకోలేదు. అదే పేజీని డల్లాస్‌లోని మన విద్యార్థి హాయిగా చదువుకోగలడు. ప్రభుత్వ ప్రకటన ఒక్కటే చాలదు, స్వతంత్ర మూలాలతో సరిచూసుకోండని ప్రతి ఆచార్యుడూ చెప్పే మాటే. ఆ మూలాలే రేపు ఉంటాయో ఉండవో తెలియనప్పుడు పాదసూచికలో ఏ లింకు పెట్టాలి?

నేడు ఈ అధికారం వాడుతున్నవారికి ఇది ఇంపుగానే ఉండవచ్చు. రేపు అధికారం చేతులు మారితే ఇదే ఉత్తర్వు, ఇదే గోప్యత, ఇదే మౌనం వారికి నచ్చిన సంస్థల మీదకూ వస్తాయి. నచ్చని సైటు మూతపడిందని చంకలు గుద్దుకుంటున్న మీడియా సంస్థలు ఆ రోజు ఏ ముఖంతో కోర్టు మెట్లెక్కుతాయి?

ఇంటర్నెట్‌ నిలిపివేత ఉత్తర్వులను ప్రచురించి తీరాలని 2020లో అనురాధా భాసిన్‌ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వెబ్‌సైట్ల విషయంలో దాన్ని పాటించడానికి కేంద్రానికి అడ్డేమిటి? శుక్రవారం నాటి ఉత్తర్వు ప్రతిని, అందులో రాసిన కారణాలను, సంతకం చేసిన అధికారి హోదాను ఐటీ మంత్రిత్వ శాఖ వెంటనే బయటపెట్టాలి. రాతపూర్వక కారణాలే లేకపోతే ఆ సంగతైనా మంత్రి పార్లమెంటులో నిలబడి ఒప్పుకోవాలి.