సర్ పెర్సీ కాక్స్ గారి ఎర్ర పెన్సిలుకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎర్ర పెన్సిలు గారికి,

సలాములు, నమస్కారాలు. రెండూ తీసుకోండి. మీరు ఎవరి పక్షమో ఇంతవరకూ ఎవరికీ తెలిసి చావలేదు కాబట్టి ఏది పనికొస్తే అది ఉంచుకోండి.

మీరు అరిగిపోయి ఎన్నేళ్ళయిందో గానీ, మీరు గీసిన కువైట్-సౌదీ సరిహద్దు గీత మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. మొన్న శుక్రవారం మధ్యాహ్నమంతా నేను దాని పక్కనే కూర్చున్నాను. కువైట్ నుంచి ఉమ్రాకి వెళ్ళే బస్సు, సగం మంది మా రాయచోటి వైపు వాళ్ళే. ఒకాయన పేరు అకామాలో (అదే, కువైట్‌లో ఉండనిచ్చే కార్డు) ఒక రకంగా, పాస్‌పోర్టులో ఇంకో రకంగా ఉందని బస్సు మొత్తాన్ని పక్కకి పెట్టించారు. డ్రైవరు ఏసీ ఆపేశాడు. ఆ పెద్దాయన అందరి మొహాలూ చూడలేక తల వంచుకుని తస్బీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. కిటికీకి ఇవతల ఇసుక, అవతలా అదే ఇసుక. పక్క సీటు కుర్రోడు విసుగొచ్చి "ఈడ గీత ఎవురు గీసినారన్నా?" అని అడిగాడు. చెప్పాను. వాడు నమ్మలేదు. పెన్సిలుతోనా అన్నాడు.

పెన్సిలుతోనే. 1922 చివర్లో, ఇప్పటి సౌదీ తూర్పున హసా తీరంలో ఉకైర్ అనే చిన్న రేవులో. ఒకవైపు అరేబియా నడిగడ్డ నజ్ద్‌ని ఏలే సుల్తాన్ ఇబ్న్ సౌద్, ఇంకోవైపు ఇరాక్ తరఫున మంత్రి సబీహ్ బేగ్, నడుమ మీ యజమాని, ఇరాక్‌లో బ్రిటిష్ హై కమిషనర్ పెర్సీ కాక్స్. అయిదు రోజులు వాదించుకున్నారు. సబీహ్ బేగ్ ఇరాక్ హద్దుని రియాద్ ఊరి పొలిమేర దాకా తెచ్చాడు, దేవుడి మీద ఒట్టు కూడా వేశాడు. ఇబ్న్ సౌద్ తక్కువ తిన్నాడా? తాతల నాటి నుంచీ సిరియాలోని అలెప్పో దాకా మాదే అన్నాడు. బేరం ఆడేటప్పుడు మొదటి ధర ఎప్పుడూ అలాగే ఉంటుంది. ఆ మాత్రం తెలియడానికి సర్ బిరుదు అక్కర్లేదు.

నిజానికి ఇబ్న్ సౌద్ అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఎడారిలో హద్దు అంటే గీత కాదు, తెగ. వాన ఎటు పడితే మందలు అటు పోతాయి. బావి ఎవరిదో, జకాత్ పన్ను ఎవరికి కడతారో దాన్నిబట్టి నేల ఎవరిదో తేలుతుంది. అందుకే తెగలను పంచుకుందాం, గీతలొద్దు అన్నాడాయన. కాక్స్ గారికి ఓపిక నశించింది. అక్కడ దుబాసీగా ఉన్న మేజర్ డిక్సన్ చాలా ఏళ్ళ తర్వాత రాసుకున్నాడు: అల్లరి పిల్లాణ్ణి బడిపంతులు గదమాయించినట్టు కాక్స్ సుల్తాన్‌ను గదమాయించాడట, ఆయనేమో నా తల్లీ తండ్రీ మీరే, మీరు చెప్తే సగం రాజ్యమైనా వదులుకుంటానని దాదాపు ఏడ్చేశాడట. అప్పుడు కాక్స్ మిమ్మల్ని చేతిలోకి తీసుకున్నాడు. గల్ఫ్ ఒడ్డు నుంచి ట్రాన్స్‌జోర్డాన్ వైపు దాకా మీ చేత ఒక్క గీత గీయించాడు. మీరు కూడా కిమ్మనకుండా గీశారు. మొన విరగలేదు. విరిగి ఉంటే ఎంత బాగుండేది!

ఇరాక్‌కి కాస్త ఎక్కువ పోయింది, సుల్తాన్ చిన్నబుచ్చుకున్నాడు. ఆయన్ను బుజ్జగించాలి. ఎలా బుజ్జగించారో తెలుసు కదా మీకు. కువైట్ నేలలో దాదాపు మూడింట రెండు వంతులు కోసి నజ్ద్‌కి ఇచ్చారు. ఆ తగాదాలో కువైట్ లేనే లేదు. కువైట్ షేక్ అహ్మద్ అసలు ఆ గుడారంలోనే లేడు.

ఇక్కడే నాకు కడుపు మండుతుంది. కాస్త మర్యాద తగ్గితే క్షమించాలి.

1899 జనవరిలో అప్పటి కువైట్ పాలకుడు షేక్ ముబారక్ మీ వాళ్ళకి ఒక కాగితం రాసిచ్చాడు. తన నేలలో ఏ ముక్కనైనా సరే, బ్రిటిష్ సర్కారు ముందస్తు అనుమతి లేకుండా ఇంకో ప్రభుత్వానికి గానీ దాని మనుషులకి గానీ ఇవ్వడు, అమ్మడు, కౌలుకివ్వడు, తాకట్టు పెట్టడు. తనే కాదు, తన వారసులు కూడా. ప్రతిఫలం 15,000 రూపాయలు. అవును, రూపాయలే. పర్షియా తీరాన బుషహర్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ ఖజానా నుంచి. ఆ రెసిడెన్సీ అప్పట్లో ఇండియా ప్రభుత్వం కింద నడిచేది. ఆ పదిహేను వేలల్లో మా కడప జిల్లా శిస్తు ఎంతుందోనని నాకెప్పుడూ ఒక అనుమానం.

సరే, రాసిచ్చాడు. మాట మీద నిలబడ్డాడు. 1913లో మీ వాళ్ళూ ఒట్టోమన్ తురకలూ కూర్చుని కువైట్ చుట్టూ రెండు గీతలు గీశారు. లోపలిది ఎర్ర గీత, షేక్ సొంతంగా ఏలుకునే చోటు. బయటిది ఆకుపచ్చ గీత, అక్కడి తెగలు కూడా షేక్ కిందే అని. మరుసటి ఏడాదే యుద్ధం వచ్చిపడి ఆ కాగితం ఖరారు కాలేదు. అయినా మాట మాటే కదా. ఆకుపచ్చ పెన్సిలు గారు మీకు వరసకి అన్నగారే అవుతారు. ఆయన గీసిందాన్ని మీరు పదేళ్ళు తిరక్కుండానే చెరిపేశారు. మీ ఇంట్లో రబ్బరు పని కూడా పెన్సిలే చేస్తుందని మాకు తెలీదు.

ఇప్పుడు చూడు. (ఇక "మీరు" నా వల్ల కాదు.) షేక్ నీ అనుమతి లేకుండా తన నేలలో జానెడు ఇవ్వడానికి లేదు. నువ్వు మాత్రం అతన్ని ఒక్క మాట అడక్కుండా రాజ్యంలో సింహభాగం ఎత్తి పక్కవాడి చేతిలో పెట్టావు. మా ఊళ్ళో గట్టు తగాదా వచ్చి సర్వేయరు గొలుసు పట్టుకుని దిగితే, వాడు ఎంత లంచగొండి అయినా రెండు చేలవాళ్ళనీ పిలుస్తాడు. డబ్బు తీసుకుంటాడు, కొలత తప్పు చూపిస్తాడు, అది వేరే సంగతి. కానీ పిలుస్తాడు!

షేక్ తరఫున మనిషి ఉన్నాడు కదా అంటావా? ఉన్నాడు. మేజర్ మోర్. కువైట్‌లో బ్రిటిష్ పొలిటికల్ ఏజెంటు. అంటే షేక్ వకీలూ కాక్స్ గారూ ఒకే సర్కారు ఉద్యోగులు. పై అధికారి పెన్సిలు పట్టుకుని క్లయింటు పొలాన్ని కోస్తుంటే ఆయన చూస్తూ కూర్చున్నాడు. నోరు తెరవలేదు. డిక్సన్ మసాలా కాస్త ఎక్కువే దట్టించి ఉంటాడు, సగం తగ్గించి చదివినా సిగ్గేస్తుంది.

ఇంకా విను. ఆ రాత్రి ఇబ్న్ సౌద్ తన గుడారంలో ఒంటరిగా నిలబడి, నా రాజ్యంలో సగం లాగేసుకున్నావు, మొత్తం తీసుకుని నన్ను వదిలెయ్యి అని ఏడ్చాడట. కాక్స్ కూడా ఏడ్చాడట. నీ బాధ నాకు తెలుసు, అందుకే కువైట్ నేలలో రెండు వంతులు నీకిచ్చాను, పాపం షేక్ దీన్ని ఎలా తట్టుకుంటాడో అన్నాడట. ఇద్దరు పెద్దమనుషులు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మూడోవాడి ఆస్తి గురించి కన్నీళ్ళు పెట్టుకున్నారు. మూడోవాడికి ఇంకా కబురు కూడా అందలేదు.

కాక్స్ కబురు చెప్పినప్పుడు అహ్మద్ అడిగాడట, నన్ను అడక్కుండా ఎందుకిచ్చావని. ఈసారి కలం కన్నా కత్తికే బలం ఎక్కువైంది, ఇవ్వకపోతే ఇబ్న్ సౌద్ ఎలాగూ గుంజుకునేవాడు అన్నది జవాబు. ఆ గుంజుకునేవాడికి 1917 నుంచి నెలకి 5,000 పౌండ్లు ఇచ్చి మేపింది ఎవరయ్యా? ఎదురుగా ఉన్న మక్కా పాలకుడు షరీఫ్ హుస్సేన్‌కి అంతకు ఎన్నో రెట్లు. ఒకరిని ఢిల్లీ ఆఫీసు సాకింది, ఇంకొకరిని కైరో ఆఫీసు సాకింది. 1919 మేలో తురబా దగ్గర ఇబ్న్ సౌద్ వైపు పోరాడే ఇఖ్వాన్ మూక హుస్సేన్ కొడుకు అబ్దుల్లా సైన్యం మీద రాత్రికి రాత్రి పడి ఊచకోత కోసింది. రెండు వైపులా ఖర్చు ఒకే దొరది.

ఆ ఇఖ్వాన్ మూకే 1920 అక్టోబరులో తమ నాయకుడు ఫైసల్ అల్ దవీష్ వెంట కువైట్‌లోని జహ్రా మీదకొచ్చింది. అప్పటి షేక్ సాలిం మట్టి కోటలో ఇరుక్కుపోయాడు. ఆ ఎర్ర కోట ఇప్పటికీ ఉంది, సెలవు రోజు వెళ్ళి చూశాను. మట్టి గోడలు, తుపాకీ గొట్టం దూర్చడానికి కంతలు. ఒక కంతకి కన్ను ఆనించి చూస్తే అవతల పార్కింగులో కార్లు కనిపించాయి. అప్పుడు మీ దౌత్యం ఏం చేసింది? రేవులో యుద్ధనౌకలు నిలబెట్టింది, విమానంలోంచి హెచ్చరిక కాగితాలు చల్లింది. రెండేళ్ళు తిరిగేసరికి ఉకైర్‌లో బహుమతి అందుకున్నది దాడికి వచ్చిన వైపే. బహుమతి పుచ్చుకున్నాయన ఆ తర్వాత ఏళ్ళ తరబడి కువైట్ వ్యాపారాన్ని దిగ్బంధం చేసి బజారుని ఎండగట్టాడు, అది వేరే కథ.

మధ్యలో తేలని చోట్ల తటస్థ మండలం అని రెండు ముక్కలు వదిలావు. తర్వాత చూసుకుందాంలే అని. కువైట్ వైపు ముక్కలో 1953లో నూనె పడింది. 2019 డిసెంబరు దాకా దాని పంచాయితీ తెగలేదు. నడుమ నాలుగైదేళ్ళు బావులే మూసుకున్నారు.

సరిహద్దు దగ్గరి బావుల మీద కోటలు కట్టకూడదని నీ ఒప్పందంలోనే రాసి ఉంది. 1927లో ఇరాక్ వైపు బుసయ్యా బావుల దగ్గర పోలీసు ఠాణా లేచింది. అదేమంటే, అది సరిహద్దుకి దూరం కదా అన్నారు. ఇఖ్వాన్ వచ్చి దాన్ని కట్టేవాళ్ళతో సహా నరికింది, ఆపైన మీ విమానాలు బాంబులు వేశాయి. ఈసారి కాగితాలతో సరిపెట్టలేదు.

సద్దాం కువైట్ మీద పడ్డ 1990 ఆగస్టు నెత్తురు కూడా నీకు పూయను. ఇరాక్ వైపు హద్దు 1923లో ఉత్తరాల మీద తేలింది, సద్దాం అప్పుల లెక్కలు వేరే ఉన్నాయి. కానీ మా ఊరి పెద్దవాళ్ళు ఎడారిలో పడి జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో విమానం కోసం కాచుక్కూర్చున్నప్పుడు ఎవరిని తిట్టాలో తెలీక తలరాతని తిట్టుకున్నారు. నువ్వున్నావని తెలిసుంటే కొంచెం నీకూ అందేది.

ఒక్కటి ఒప్పుకుంటాను, లేకపోతే ఉప్పు తిన్న ద్రోహం అవుతుంది. నువ్వు కోసేయగా మిగిలిన ముక్కలోనే 1938లో బుర్గాన్ అనే చోట నూనె పడింది. మా ఇంటి స్లాబు, చెల్లెలి పెళ్ళి, నాన్న ఆపరేషను, అన్నీ ఆ మిగిలిన ముక్క పెట్టిన అన్నమే. నీకు తెలిసి వదిలావని మాత్రం అనుకోను. అక్కడ ఏముందో తెలిసుంటే ఆ ముక్కని కూడా వదిలేవాడివి కాదు.

ఇట్లు,
నీ గీత మీద ఒక మధ్యాహ్నం ఉడికిన
రాయచోటి మనిషి

తా.క. పైలోకంలో మేజర్ మోర్ గారు ఎదురుపడితే నా మాటగా అడుగు. వాదించొద్దు, లేచి నిలబడొద్దు, ఉద్యోగం పోగొట్టుకోవద్దు. నువ్వు మ్యాపు మీద నడుస్తున్నప్పుడు కనీసం ఒక్కసారి దగ్గలేకపోయాడా?