జాతర చీర, రోజూ కట్టే చీర

మా మేనమామ మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి గంగమ్మ జాతరలో చీర కట్టేవాడు. మీసం తియ్యడు, దాని కిందే లిప్‌స్టిక్. మా అవ్వ కుచ్చిళ్ళు సర్ది పిన్నీసు పెడుతూ "కదలొద్దురా, కొంగు జారిపోతాది" అని కసిరేది. తాతయ్యగుంట గుడి దాకా అలాగే నడిచేవాడు. ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. ఆడవాళ్ళను చెరిచే పాలెగాణ్ణి చంపడానికి గంగమ్మే దొర వేషం కట్టిందాయె!

అదే వీధిలో, ఏడాది పొడుగునా చీర కట్టే ఒక ట్రాన్స్ మహిళ అద్దెకు ఇల్లడిగితే అందరూ "ఇప్పుడే ఇచ్చేశాం" అన్నారు. టు-లెట్ బోర్డులు మాత్రం గేట్లకు వేలాడుతూనే ఉన్నాయి. మా ఇంటిదీ.

ఇక్కడ బ్రిటన్‌లో మన సంఘం భోజనాల దగ్గర ఒకాయన ట్రాన్స్ వాళ్ళ గురించి "వాళ్ళ కథ కంచికి చేరింది" అన్నప్పుడు ఇది గుర్తొచ్చింది. 2010 సమానత్వ చట్టంలో స్త్రీ అంటే పుట్టుకతో స్త్రీ అని 2025 ఏప్రిల్ 16న ఇక్కడి సుప్రీంకోర్టు తేల్చింది, నిజమే. ట్రాన్స్ వ్యక్తులకు వివక్ష నుంచి రక్షణ పోదనీ, దీన్ని ఒక వర్గం గెలుపుగా చూడొద్దనీ కూడా చెప్పింది. ఆ సగాన్ని ఎవరూ వాట్సాప్‌లో ఫార్వర్డ్ చెయ్యలేదు.

ఆడవాళ్ళకు విడిగా చోటు ఉండాలనే మాటను నేను తేలిగ్గా తీసుకోను. కాలేజీ రోజుల్లో ఒక బస్టాండులో బాత్రూమ్ తలుపుకు గడియ లేక, చెల్లెల్ని కాపలా పెట్టి లోపలికి వెళ్ళినదాన్ని. కానీ ఆ గడియ ఊడబీకింది ట్రాన్స్ మహిళలు కాదు.

మన దేశంలో, ఎవరి జెండర్ వాళ్ళే చెప్పుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు అంది. 2019లో చేసిన చట్టమేమో ట్రాన్స్ వ్యక్తిపై లైంగిక దాడికి రెండేళ్ళకు మించని శిక్ష రాసింది. స్త్రీపై అత్యాచారానికి కనీసమే పదేళ్ళు! సమానత్వం గురించి గొంతు చించుకునేవాళ్ళు ఈ లెక్క అడగరేం?

ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ ఉచిత ప్రయాణం మహిళలతో పాటు ట్రాన్స్‌జెండర్లకూ ఇచ్చారు. దానివల్ల మా పిన్ని సీటేమీ పోలేదు. రేణిగుంట బస్సులో, మా వీధిలో ఇల్లడిగిన ఆ ట్రాన్స్ మహిళ పక్కనే పిన్ని కూర్చుందట, ఇద్దరికీ సున్నా టికెట్టే. "ఇల్లు దొరికిందామ్మా?" అని అడిగితే "ఇంకా లేదక్కా" అందట.

మా మేడ మీది వాటా మళ్ళీ ఖాళీ అయింది. అమ్మకు ఫోన్ చేసి, ఆమెకిద్దామా అని అడిగాను. "మీ నాయనతో మాట్లాడి చెప్తాలే" అంది. ఇంకా చెప్పలేదు.