బ్రిటన్ రైల్వేలు: 'అంతా ప్రభుత్వపరం' అనడం సరికాదు

బ్రిటన్ రైల్వేలన్నీ ప్రభుత్వపరమయ్యాయని ఒక వ్యాసంలో రాశారు. కాదండీ. రైళ్లను ప్రభుత్వపరం చేసే 2024 చట్టం ప్రయాణికుల రైళ్లు నడిపే కాంట్రాక్టులకే వర్తిస్తుంది. పట్టాలు ఆ చట్టానికి ముందే ప్రభుత్వ సంస్థ నెట్‌వర్క్ రైల్ చేతిలోనే ఉన్నాయి. బోగీలు మాత్రం చాలావరకు ప్రైవేటు లీజు కంపెనీలవే, వాటికి అద్దె కట్టాల్సిందే. గూడ్సు రైళ్ల జోలికే పోలేదు.

నన్ను బాధపెట్టేది ఈ బిల్లును పార్లమెంటు పరిశీలించిన తీరు. దిగువ సభ కామన్స్‌లో కమిటీ దశ (బిల్లును క్లాజుల వారీగా పరిశీలించే దశ), మూడో పఠనం (ఆ సభలో చివరి ఆమోదం) రెండూ 2024 సెప్టెంబర్ 3న ఒక్కరోజులోనే ముగించేశారు. కమిటీ దశను సభ మొత్తం కూర్చుని జరిపింది; అలా సభ మొత్తం కమిటీగా కూర్చుంటే సాక్షులను పిలిచి ప్రశ్నించే వీలుండదు. కొద్దిమంది ఎంపీలుండే పబ్లిక్ బిల్ కమిటీకి పంపి ఉంటే ఆ బోగీల అద్దెల లెక్క నిపుణులను నిలదీసి అడిగేవాళ్లు. ప్రయాణికుల సేవలు మెరుగుపరచడమే ఈ చట్టం ఉద్దేశమని ఎగువ సభ లార్డ్స్ చేర్చిన సవరణనూ కామన్స్ తోసిపుచ్చింది. నవంబర్ 28న రాజామోదం (బిల్లు చట్టమయ్యేందుకు రాజు ఇచ్చే ఆమోదం) వచ్చేసింది.