నల్ అంటే నిల్ కాదండీ

మన ఐటీ ఆఫీసుల్లో ఒక కొత్త మతం పుట్టింది. దానికి గుడి అక్కర్లేదు, గోడకో టీవీ ఉంటే చాలు. అందులో పచ్చ లైటు వెలుగుతుంటే లోకమంతా సుభిక్షం. ఎర్ర లైటు వెలిగితే ఎవరో ఒకణ్ణి నిద్ర లేపి తిట్టాలి. లైటు వెనక డేటా ఉందా, బూడిద ఉందా అని అడిగినవాడు నాస్తికుడు.

డేటాబేసులకు కాపలా కాయడం నా వృత్తి కాబట్టి నేను ఆ నాస్తికుల జాబితాలోనే ఉంటాను. కొన్నేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక కంపెనీలో (పేరెందుకు, మీదే అనుకోండి) ఈ మతం వారి జాతర ఒకటి కళ్లారా చూశాను.

రాత్రి 11:40కి ఆర్డర్స్ టేబుల్ మీద ఎవరో డిలీట్ కొట్టారు. కమాండులో ఏ వరుసలు తీసేయాలో చెప్పే ‘వేర్’ లేదు. వేర్ లేదు గనక టేబుల్‌ని వేళ్లతో సహా పీకేసింది. పది నిమిషాల్లో, అందరూ కలిసి మాట్లాడే బ్రిడ్జ్ కాల్‌లో 42 మంది చేరారు. కీబోర్డు మీద చేతులున్నది మాత్రం ఒక్కడికే, ఉద్యోగంలో చేరి ఏడు నెలలైన కుర్రాడికి. మిగతా 41 మందిమి సలహాదారులం.

మేనేజర్ గారు కాల్‌లోకి వస్తూనే, “టెన్షన్ ఎందుకు? రెప్లికా ఉందిగా!” అన్నారు.

ఉందండీ, ఎందుకు లేదు. మాస్టర్, అంటే అసలు డేటాబేసు, తను చేసిన ప్రతి మార్పునీ బిన్‌లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. రెప్లికా, అంటే దాని నకలు, ఆ చిట్టా చదివి అదే పని తనూ చేస్తుంది. గురువు గారు బావిలో దూకితే ఎందుకని అడగకుండా, సెకను తిరక్కుండా దూకే శిష్యుడన్నమాట. మిషన్ కాలిపోయిన రోజున ఈ శిష్యుడు ప్రాణదాత. మనిషి వేలు జారిన రోజున అదే తప్పును రెండో చోట కూడా శ్రద్ధగా చేసిపెడతాడు. మేనేజర్ గారు రెప్లికా తెరిపించి చూశారు. అక్కడా సున్నాయే.

“అయితే బ్యాకప్ ఎక్కించండి.”

ఆ రోజు తెల్లవారుజామున 2 గంటలకు తీసిన డంపు, అంటే డేటా మొత్తం కాపీ, ఉంది. అప్పుడు మాట్లాడారు ఆర్కిటెక్ట్ గారు, గంటకోసారి మ్యూట్ తీసే మనిషి. “రెప్లికాకి లోడ్ పడకూడదు. లాగింగ్ ఆపి మాస్టర్ మీద ఎక్కించు.” కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. లాగింగ్ ఆపితే చిట్టాలో ఏమీ పడదు, చిట్టాలో లేనిది రెప్లికాకి తెలియదు. టేబుల్ తిరిగొచ్చిందని మాస్టర్ ఒక్కదానికే తెలుసు. శిష్యుడు ఇంకా బావిలోనే ఉన్నాడు.

ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. పక్కన ఖాళీ సర్వర్ మీద డంపు ఎక్కించి, పోయిన వరుసలు ఏరి, మాస్టర్‌లో మామూలుగా ఇన్సర్ట్ చేస్తే అవి చిట్టా గుండా రెప్లికాకూ చేరతాయి. లాగింగ్ ఆపే తీరాలంటే అదే డంపు రెప్లికా మీదా ఎక్కించి, చిట్టాలో ఎక్కణ్ణుంచి చదవాలో దానికి చెప్పాలి. కానీ ఖాళీ సర్వర్ అడిగితే బడ్జెట్ లేదన్నారు. ఆ టీవీకి ఉంది. 55 అంగుళాలు.

ఇక జాతర. కస్టమర్ ఒకరు పాత ఆర్డర్‌లో అడ్రస్ మార్చుకున్నారు. మాస్టర్‌లో మారింది. రెప్లికా ఆ వరుస కోసం వెతికి, దొరక్క, 1032 అనే ఎర్రర్ చెప్పి ఆగిపోయింది. ఎంత నిజాయితీపరురాలు! “నా దగ్గర లేనిదాన్ని నేనెలా మార్చను” అంది. ఎంత వెనకబడిందో చూపే చోట అంకె పోయి ‘నల్’ అని పడింది.

మేనేజర్ గారి మొహం వెలిగింది. “నల్ అంటే జీరోనే కదా? అంటే అస్సలు వెనకబడలేదన్నమాట!”

ఎవరూ మాట్లాడలేదు. నల్ అంటే ఆగిపోయిందని అర్థం. ఆగిన గడియారం చూసి ఇది ఒక్క నిమిషం కూడా ఆలస్యంగా నడవట్లేదని మురిసిపోవడం లాంటిది. ఆయన అప్పటికే పైవాళ్లకు మెయిల్ కొట్టారు: ‘రెప్లికేషన్ ల్యాగ్: నిల్’. ఏడుగురు థంబ్సప్ పెట్టారు. ఒకాయన చప్పట్ల బొమ్మ.

గోడ మీద టీవీ మాత్రం అబద్ధం నేర్వలేదు. ఎర్రగానే ఉంది. “గ్రీన్ చెయ్యండి” అన్నారు. ఎర్రర్ వచ్చిన మార్పును ఒకటి వదిలేసి ముందుకెళ్లే కమాండు ఉంది. కుర్రాడు ఒకటి వదిలేశాడు. పచ్చ. రెండు సెకన్లకు ఎర్ర. ఇంకోటి. పచ్చ. ఎర్ర. వినాయక చవితి పందిరి సీరియల్ లైట్లలా వెలిగి ఆరింది. మధ్యలో ఎవరో “పర్సెంటేజ్ ఎంతైంది?” అని అడిగారు. దేని పర్సెంటేజో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. చివరికి ఆర్కిటెక్ట్ గారు మళ్లీ మ్యూట్ తీశారు. “చేత్తో ఎందుకు? లూప్ రాసెయ్. ఎర్రర్ వస్తే స్కిప్.” నాలుగింటికి టీవీ స్థిరంగా పచ్చబడింది. అందరూ పడుకున్నారు.

పొద్దున యాప్ ఆర్డర్లను రెప్లికా నుంచే చదివింది. డబ్బు కట్టారని మాస్టర్ అంటుంది, మీరెవరో తెలియదని రెప్లికా అంటుంది.

తప్పులు అందరికీ జరుగుతాయి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజినీర్ ఇదే పనిలో, అంటే చెడిన రెప్లికాను మళ్లీ నిలబెట్టబోయి, దాని డేటా అనుకుని మాస్టర్ డేటా తుడిచేశాడు. చూసుకుని ఆపేలోపు సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. వాళ్ల డేటాబేసు పోస్ట్‌గ్రెస్ వెర్షన్ తేడా వల్ల రోజువారీ డంపులు ఎప్పటినుంచో విఫలమవుతున్నాయి, ఆ సంగతి చెప్పే మెయిళ్లు కూడా చేరట్లేదు. ఆరు గంటల కిందటి స్నాప్‌షాట్, అంటే అప్పటి డేటా నకలు, దొరికి గట్టెక్కారు. ఆ రికవరీని యూట్యూబ్‌లో లైవ్ చూపించారు. నివేదికలో ఆ ఇంజినీర్ పేరు లేదు, ‘టీమ్ మెంబర్ 1’ అనే రాశారు.

మనవాళ్ల ఆర్‌సీఏలో, అంటే మూలకారణం నివేదికలో, కుర్రాడి పేరు రెండో లైన్లోనే ఉంది. కారణం: మానవ తప్పిదం. డిలీట్ కొట్టింది వాడు కాదు. లాగింగ్ ఆపమన్నది వాడు కాదు. ఆ రాత్రి పన్నెండున్నరకు వాడొక్కడే, “సార్, మన బిన్‌లాగ్ రో ఫార్మాట్‌లో ఉంది, డిలీట్ అయిన ప్రతి వరుసా అందులోనే ఉంది, తిరగేసి ఇన్సర్ట్ చేసుకోవచ్చు” అన్నాడు. “బాబూ, ప్రయోగాలొద్దు, ఈటీఏ, ఎప్పటికవుతుందో చెప్పు” అన్నారు. ఆ చిట్టాలు మామూలుగా 30 రోజులుంటాయి. డిస్క్ ఖర్చు తగ్గించామని అవార్డు కోసం వాటిని ఆరు గంటలకు కుదించింది ఎవరు? పోయిన డేటా మొత్తం ఉదయం దాకా మన ముందే ఉంది. మీరు పచ్చ లైటు చూస్తూ గురక పెడుతుంటే అది గడువు తీరి చెరిగిపోయింది. సిగ్గులేకుండా ఆ పాపం ఏడు నెలల పిల్లాడి నెత్తిన పెట్టారు. నేనూ ఆ కాల్‌లో ఉన్నాను. వాడు చెప్పింది నిజమని నాకు తెలుసు. మ్యూట్ తీయలేదు.

వాడికి వార్నింగ్ లెటర్ ఇచ్చారు. నెల తిరక్కుండా మానేశాడు. స్కిప్ లూప్‌కు మాత్రం ‘ఆటో హీల్’ అని పేరు పెట్టి ఆ క్వార్టర్ ఇన్నోవేషన్ బహుమతి ఇచ్చారు. నేను బయటపడే రోజుకి అది దానంతటదే నడిచేలా క్రాన్‌లో ఉంది, నిమిషానికోసారి.